డప్పు అన్న పేరేంటి?



"రాక్ మనది కాదన్నా, డబ్బున్నోళ్ళది" అని పోయిన వారం ఒక విద్యార్థి మిత్రుడు రాశాడు. తమ్ముడూ, రాక్ పుట్టిందే నల్లవాళ్ళ బ్లూస్ నుంచి. సిస్టర్ రోసెట్టా థార్ప్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ ముగ్గురూ నల్లవాళ్ళే. ఆ సంగీతంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా అది వాయించే గది తలుపుతోనూ, స్టేజీతోనూ.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక చిన్న క్లబ్బులో ఇండీ రాక్ షోకి వెళ్ళాను. క్లబ్ పేరు, బ్యాండ్ పేరు రాయను. ఇది ఒక్కచోట జరిగేది కాదు. టికెట్ 600. "అన్నా, మెస్సులో పది రోజుల తిండి" అన్నాడు నాతో వచ్చిన తమ్ముడు. చెప్పులతో వస్తే రానివ్వరని తెలిసి రూమ్మేట్ బూట్లు అడిగి వేసుకొచ్చాడు. దొరల వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల మనవలం. ఇప్పుడేమో చెప్పులేసుకుంటే లోపలికి రానివ్వరు! గేటు దగ్గర ఆపేవాడు కూడా మన బస్తీ పిల్లాడే. రూలు పెట్టింది మాత్రం అతను కాదు.

వందమంది పట్టే గది. కిక్ డ్రమ్ దెబ్బ చెవికన్నా ముందు ఛాతీకి తగిలింది. ఆ దెబ్బ నాకు కొత్త కాదు, మా వాడలో డప్పు పక్కన నిలబడి పెరిగినవాణ్ణి. షోకి ముందు డ్రమ్మర్ తోలు బిగించి, కొట్టి చూసి, మళ్ళీ బిగిస్తుంటే, మా చిన్నాయన గడ్డిమంట మీద డప్పు కాచి, వేలితో తట్టి, మళ్ళీ కాచడం గుర్తొచ్చింది. రెండూ ఒకటే పని. ఒకదాన్ని సౌండ్ చెక్ అంటారు, రెండోదానికి ఇంగ్లిష్ పేరు లేదు.

ఐదో పాటకి డప్పు వచ్చింది. నడివయసు మనిషి. సిర్ర, సిటికెన పుల్ల ఆడించగానే గది గదంతా ఎగిరింది. పాటయ్యాక సింగర్ అందర్నీ పరిచయం చేశాడు. గిటార్, బేస్, డ్రమ్స్ వాళ్ళందరినీ పేరుపేరునా చెప్పాడు. డప్పు దగ్గరికొచ్చి "మన ఫోక్ అన్న" అన్నాడు.

"అన్న పేరేంటి?" అని వెనక నుంచి తమ్ముడు అరిచాడు.

సింగర్ తడబడి మైకు ఆయన ముందు పెట్టాడు. ఆయన పేరు చెప్పాడు, ఊరు కూడా చెప్పాడు. షో అయ్యాక బయట ఎంత ఇచ్చారని అడిగాను. "ఆటో కిరాయి, పైన రెండు వేలు. పోస్టుల నా పేరు పెట్టకు బిడ్డా, మళ్ల పిలవరు" అన్నాడు. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు.

ఆ ఒక్క మాటలో మన చరిత్రంతా ఉంది. చావుకీ జాతరకీ దొరకీ డప్పు వెట్టికి కొట్టించుకున్నారు. అదే డప్పుని 1994 జులై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా జెండా చేసుకుంది. వెట్టి డప్పుకి పేరు అక్కర్లేదు. హక్కు డప్పుకి పేరు కావాలి, కూలి కాదు పారితోషికం కావాలి.

ఇది కానిపని కాదు. పా. రంజిత్, టెన్మా కలిసి నిలబెట్టిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' 2018 జనవరిలో చెన్నై కిల్పాక్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. గిటార్ పక్కనే గానా, పక్కనే పరై. పరై అక్కడ ఐదో పాటకి పిలిచిన చుట్టం కాదు, ఇంటి మనిషి. బ్యాండ్ పేరుకి మూలం కూడా అయోతీదాస్ పండితర్ 'కులం లేని తమిళులు' అన్న మాటే.

తలుపు సంగతికి వస్తే, వాషింగ్టన్‌లో 1987లో వాయించడం మొదలుపెట్టిన ఫుగాజీ బ్యాండ్‌ని చూడండి. తెల్ల కుర్రాళ్ళే. ఏళ్ళ తరబడి చాలా షోలకి 5 డాలర్లే టికెట్ పెట్టారు. ఏ వయసువాళ్ళైనా రావచ్చన్నారు. చిన్న టికెట్టుతో బ్యాండ్ బతకదనే వాళ్ళకి ఇదే జవాబు.

విద్యార్థి మిత్రులారా, రేపు మీ ఫెస్టులో షో పెట్టేది మీరే. పోస్టర్ మీద గిటారిస్టు పేరు ఏ సైజులో ఉంటే డప్పు కళాకారుడి పేరూ అదే సైజులో వేయండి. డబ్బు సమానంగా, ముందే మాట్లాడి, కాగితం మీద రాసివ్వండి. టికెట్ ఒకపూట మెస్సు భోజనం ఖరీదు దాటనివ్వకండి. చెప్పులేసుకొచ్చినవాళ్ళని ముందు వరసలో నిలబెట్టండి.

జై భీమ్.