పోయిన ముక్కను తిరిగి పుట్టించే విద్య

కరువు సీమలో పుట్టినవాడికి దాచుకోవడం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మా కణేకల్ దగ్గర హగరి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేస్తుంది. చెరువుకు తుంగభద్ర నుంచి హెచ్చెల్సీ నీళ్లు రావాలి. 2024 ఆగస్టులో ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, పోయింది ఒక్కటే కదా అని మావాళ్లెవరూ తేలిగ్గా అనుకోలేదు. ఒకటి పోతే మిగిలినవాటితో ఎట్లా నెట్టుకురావాలి? కంప్యూటర్ల లోకంలోనూ ఇదే ప్రశ్న ఉందని కాలేజీకొచ్చాకే తెలిసింది.

మా తాతది ఒకటే ఫొటో. చెదలు సగం తినేశాక, మిగిలినదాన్ని సెల్‌ఫోన్లో తీసి నెట్‌లో దాచాను. అది కూడా పోతే తాత ముఖం అవ్వ జ్ఞాపకంలో తప్ప ఎక్కడా ఉండదు.

"అదెక్కడుందిరా?" అంది అవ్వ.

"దూరంగా, యంత్రాల్లో."

"ఆ యంత్రం చెడిపోతేనో?"

న్యాయమైన ప్రశ్న. యంత్రాలు చెడిపోతూనే ఉంటాయి. మూడు నకళ్లు ఉంచితే రెండు పోయినా గండం గడుస్తుంది గానీ మూడింతల చోటు కావాలి. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు పొదుపైన దారి చూపారు. సమాచారాన్ని 10 ముక్కలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన మరో 4 చేర్చి, 14 చోట్ల పెట్టాలి. ఏ 4 పోయినా మిగిలిన 10తో మొత్తం తిరిగొస్తుంది. చోటు 1.4 రెట్లే. ఫేస్‌బుక్ వారు పాత ఫొటోలను 10కి 4 చేర్చి దాస్తున్నట్టు 2014లో వెల్లడించారు.

చిక్కల్లా మరమ్మతులో ఉంది. ఒక్క ముక్క పోయినా, దాన్ని తిరిగి కట్టడానికి 10 ముక్కలు పూర్తిగా తెప్పించాలి. ఒక ఇంటి కడవ పగిలితే పదిళ్లవాళ్లు నిండు కడవలు మోసుకొచ్చినట్టు! అవ్వకు ఇట్లే చెబితే, "అందరూ తలా కొంచెం పోస్తే చాలదా?" అంది.

చాలుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం తదితరులతో కలిసి 2018లో ప్రకటించిన 'క్లే కోడ్' చేసేది అదే. 14లో ఒకటి పోతే మిగిలిన 13 తలా నాలుగో వంతు పంపుతాయి. మొత్తం మూడుంపావు ముక్కలు, పది కాదు. ఊరికే రాలేదు ఈ సుఖం. ఒక్కో ముక్కను 256 తునకలు చేసి లెక్క నడపాలి.

మిత్రులారా, ఎంత దాచాలి, పోయిననాడు ఎవరి మీద ఎంత బరువు వేయాలి అన్నవి మెట్టరైతుకు కొత్త ప్రశ్నలు కావు. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం వాటిని లెక్కల భాషలో అడగడం నేర్చుకుంటే, ఈ విద్య మనకు పరాయిది కాదు.