సకురా నీడన ఏకాంతం

వసంతాగమనాన్ని జపాను ప్రజలు ఒక పూవుతో లెక్కిస్తారు. పండు కోసం కాక పూవు కోసమే పెంచే చెర్రీ జాతులన్నింటికీ అక్కడ సకురా అని పేరు. టోక్యోలోని యాసుకుని ఆలయ ప్రాంగణంలో ఒక సకురా చెట్టు ఉంది. దానిపై అయిదారు పూలు విచ్చిన రోజున నగరంలో పూత ఆరంభమైనట్లు వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. సాధారణంగా అది మార్చి నెలలోని చివరి పక్షం. నూటికి ఎనభై మొగ్గలు విచ్చితే నిండు పూత. ఈ రెండు ప్రకటనల నడుమ వ్యవధి సుమారు ఒక వారం. ఆ తరువాత గాలికీ వానకూ రేకులు రాలిపోవడానికి మరొక వారం చాలు.

ఆ కొద్ది దినాల్లోనే నగరమంతా చెట్ల కిందికి చేరుతుంది. ఉయెనో ఉద్యానంలో చాపలూ పట్టాలూ పరచుకొని బంధుమిత్రులతో కూడి విందారగిస్తారు. మెగురో ఏటి గట్ల వెంట నడిచేవారికి అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. పూలను చూడవచ్చినవారికి ముందు నడిచేవారి వీపులే ఎక్కువగా కనిపిస్తాయి. ఐతే ఈ సందడిని నిందించడం న్యాయం కాదు. 18వ శతాబ్దిలో షోగన్ యోషిమునే అసుకయామా గుట్టమీదా, సుమిదా నది గట్లమీదా సకురా నాటించినది సామాన్య జనుల వినోదం కోసమే. పూల పండుగ జనానిది. పదిమందితో కలిసి చూడడం కూడా దానిని చూసే ఒక పద్ధతి. ఏకాంతంలో చూడగోరేవారు ఎక్కడికి పోవాలన్నది వేరే ప్రశ్న.

దానికి సమాధానం వెదికే ముందు, జనమంతా ఒక్కసారే ఎందుకు వస్తారో తెలుసుకోవడం మేలు. నేడు జపాను నగరాల్లో విస్తారంగా కనిపించే సకురా ఒక్కటే రకం. దాని పేరు సొమేయ్ యొషినో. ఎదో నగరపు శివారున, సొమేయ్ గ్రామంలోని తోటమాలులు దీనిని వ్యాప్తిలోకి తెచ్చారు. తన పుప్పొడితో తాను విత్తనం కట్టలేని చెట్టు గనుక దీనిని అంటుకట్టి పెంచుతారు. అందుచేత దేశంలోని సొమేయ్ యొషినో చెట్లన్నీ ఒకే మూలవృక్షపు కొమ్మలవంటివని జన్యుపరీక్షలు నిర్ధారించాయి. ఒకే శరీరం గనుక ఒకే వేళకు మేలుకొంటాయి. ఒక ఊరిలోని వేల చెట్లు ఒక్కుమ్మడిగా పూసి, ఒక్కుమ్మడిగా రాలుతాయి. జనసమ్మర్దానికి బీజం చెట్టులోనే ఉన్నది.

ఈ సంగతి తెలిసినవారు చోటు కంటె ముందు కాలాన్ని మార్చుకొంటారు. ఒకినావా దీవుల్లో ఎర్రని సకురా జనవరిలోనే పూస్తుంది. హొక్కైదోలో సాధారణంగా ఏప్రిల్ చివరి దినాలకో, మే నెల తొలి దినాలకో గాని పూలు కనిపించవు. టోక్యోలోనే ఉండదలచినవారికి షింజుకు గ్యోయెన్ ఉద్యానంలో అనేక రకాల సకురా ఉన్నాయి. అక్కడ మద్యపానం నిషిద్ధం. సొమేయ్ యొషినో రాలిపోయి, పత్రికలు పూలను మరచిన ఏప్రిల్ మధ్యలో, ముద్దగా రేకులు పేర్చుకొన్న కంజాన్ వంటి రకాలు అక్కడ విచ్చుకొంటాయి. యొషినో పర్వతం మీది కొండ సకురాలు విత్తనాన మొలిచేవి గనుక దేని స్వభావం దానిదే. పూత అడివారంలో మొదలై దినదినానికి పైకి ఎక్కుతుంది.

ఈ వైవిధ్యం ఒకప్పుడు నగరంలోనూ ఉండేది. 1886లో టోక్యో చెంత అరకావా నది గట్టున 78 రకాల సకురా నాటారు. కాలక్రమాన ఆ వరుసలు క్షీణించాయి. త్వరగా ఎదిగి, ఆకుకు ముందే ఒళ్లంతా పూచే సొమేయ్ యొషినో పక్కన పాత రకాలు ఆదరణ కోల్పోయాయి. కాలింగ్‌వుడ్ ఇన్‌గ్రమ్ అనే ఆంగ్లేయుడు 1926లో జపాను వెళ్లినప్పుడు, ఆ దేశంలో అదృశ్యమైనదని తలచిన ఒక పెద్ద తెల్ల పూల సకురా చిత్రాన్ని అతనికి చూపారు. ఆ చెట్టు ఇంగ్లండులో అతని తోటలోనే ఉన్నది. తైహాకు అనే ఆ రకం 1930ల్లో అంటుకొమ్మల రూపాన స్వదేశం చేరింది. జనం చూడని పూవును ఎవరో ఒకరు చూస్తూ ఉండకపోతే అది మిగలదు. జనసమ్మర్దానికి దూరంగా పోయేవారి నడకకు ఇదీ ఒక ప్రయోజనం.

ఇక చోటు విషయం. 1684లో షోగన్ల మూలికావనంగా వెలసి, 1877 నుంచి టోక్యో విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్న కొయిషికావా వృక్షోద్యానంలో విందుల సందడి కన్నా నడక ఎక్కువ. అంతకన్నా నెమ్మదైనది సొమేయ్ శ్మశానవాటిక. లోకమెల్లా ఎరిగిన సకురాకు పేరిచ్చిన గ్రామం ఉండిన ప్రాంతమది. సమాధుల నడుమ ఆ చెట్లే పూస్తాయి. రేకులు రాతి పలకలమీద రాలుతాయి. భారతీయ సందర్శకునికి అక్కడ ఒక పరిచిత నామం కనిపిస్తుంది. 1902లో మన దేశానికి వచ్చి వివేకానందస్వామినీ, రవీంద్రనాథ్ ఠాగూరునూ కలుసుకొన్న కళాచింతకుడు ఒకాకురా కకుజో సమాధి ఆ వాటికలోనిదే. 1906లో వెలువడిన తన తేనీటి గ్రంథంలో, మనుషుల చేతుల్లో పూలు పడే బాధను గురించి ఒక అధ్యాయమే రాసినవాడాయన.

ఇటువంటి చోటును కనుగొన్నవారికి ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. చెప్పకుంటే స్వార్థం, చాటితే ఆ నిశ్శబ్దమే చెదరిపోతుంది. పైగా శ్మశానం ఉద్యానం కాదు. పితరుల సమాధికి నీరు పోయవచ్చిన ముసలమ్మకు దారి ఇవ్వడం పూలను చూడడంకంటె ముందు రావలసిన పని. కొమ్మ వంచక, పట్టా పరవక, గొంతు పెంచక నడిచేవారు పదిమంది వచ్చినా అక్కడి ఏకాంతానికి కొరత రాదు. అలా నడవలేనివాడు ఒక్కడు వచ్చినా అది మిగలదు.