తాళం అత్త దగ్గర ఉంటాది

మడకశిర దాటి గుడిబండ దారి పట్టాక బస్సులో తెలుగు తగ్గి కన్నడం పెరుగుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నా, ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లల్ని జోకొట్టేది కన్నడంలోనే. ఆశా కార్యకర్తల శిక్షణ జరిగే హాలుకు నేను చేరేసరికి బోర్డు మీద ఒకే మాట రాసి ఉంది: గుట్టు.

"దీన్ని కన్నడంలో ఏమంటారమ్మా?" అని శిక్షకురాలు అడిగింది.

"గుట్టే మేడం!" అన్నారందరూ నవ్వుతూ.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన వ్యవస్థ ఈ ఆశాలది. సుమారు వెయ్యి మంది జనానికి ఒక ఆశా. ఎవరికి ఎన్నో నెల, ఎవరు టీబీ మాత్రలు మింగుతున్నారు, ఏ కోడలికి ఎన్ని కాన్పులు పోయాయి, అన్నీ ఆమె డైరీలో ఉంటాయి. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఇన్ని సంగతులు ఉండవు.

శిక్షకురాలు ఉత్తుత్తి పేర్లతో ఒక జాబితా చూపించింది. "దీన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినారనుకోండి. ఎంతమంది చూస్తారు?" గ్రూపులో ఉన్నవాళ్లను లెక్కపెట్టారు. తర్వాత వాళ్ల ఫోన్లు పట్టుకునే మొగుళ్లను, పిల్లలను, మరుదులను కలుపుకుంటూ పోయి ఒకచోట ఆపేశారు. గ్రూపులో అంకెలే పెట్టాలి, పేర్లు వద్దు. వాకిట్లో నిలబడి జబ్బు పేరు పలకొద్దు. నిండిన పుస్తకం పాత కాగితాలవాడికి వేస్తే అంగట్లో బొరుగుల పొట్లమై ఊరంతా తిరుగుతుంది, ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలి.

హెచ్‌ఐవీ దగ్గరికి వచ్చేసరికి హాలు సద్దుమణిగింది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, నమ్మి చెప్పిన మనిషి ఒప్పుకోకుండా, ఆ ఒప్పుకోలు రాతలో నమోదు కాకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. రికార్డులు ఉంచే సంస్థ వాటికి కాపుదల ఏర్పాటు చేయాలి.

అప్పుడు వెనక వరసలో ఒకామె లేచింది. "మా ఇంట్లో యాడ దాయల్ల మేడం? ఉండేది ఒకే బీరువా. తాళం మా అత్త దగ్గర ఉంటాది." ఇంకొకామె గొంతు తగ్గించి, యాప్‌లో ఇంగ్లీషు తనకు రాదని, తొమ్మిదో తరగతి కొడుకే వివరాలన్నీ ఎక్కిస్తాడని చెప్పింది. పక్కింటి పిన్నమ్మ జబ్బు ఆ పిల్లవాడికి అట్లా తెలిసిపోయింది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ఇద్దరి మాటలు విన్నాక మిగతా పాఠం నా చెవికెక్కలేదు. నియమాలన్నీ గది, బల్ల, తాళం ఉన్న ఆఫీసును తలచుకుని రాసినవి. ఆశా ఆఫీసు ఆమె చేతిసంచి. ఇల్లేమో ఉమ్మడిది. చిన్న ఇనుప పెట్టె, దానికి ఆమె ఒక్కతే దాచుకునే తాళంచెవి, ఆమె చదవగలిగే భాషలో యాప్: ఈ మూడూ ఇవ్వకుండా గుట్టు జారిందని ఆమెను తప్పుపట్టడం అన్యాయం. శిక్షకురాలు కూడా వాదించలేదు. తన పుస్తకంలో మొదటి పేజీలోనే 'పెట్టె, తాళం' అని రాసుకుంది.

సాయంత్రం బీరువా సంగతి చెప్పిన ఆమెతో వాళ్ల ఊరికి వెళ్లాను. ఒక ఇంట్లో మందులు అందాయో లేదో చూసుకోవాలట. వీధి మొదట్లో ఆగి, "మీరు ఈడే కూర్చోండి మేడం" అని రచ్చకట్ట చూపించింది. డైరీ ఒక్కసారి చూడొచ్చా అని అడిగాను. తల అడ్డంగా ఊపి సంచిలో అడుక్కి తోసేసింది.

మొదటి ఇంట్లో దూరింది. తర్వాత రెండో ఇంట్లో, మూడో ఇంట్లో. ఏ గడపనూ వదల్లేదు. అన్నిచోట్లా ఇంచుమించు ఒకే సేపు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఏడిళ్లు. వాటిలో పని ఉన్న ఇల్లు ఏదో నాకు తెలియలేదు.