రెండు రాజ్యముల పొలిమేరలో చెరువు

కడప మండలమందలి పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు గలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు దానిని కట్టించి, 1369వ సంవత్సరమున సంస్కృతములో శాసనము వేయించెను. చెరువునకు వలయు సాధనములు పన్నెండనియు, చెరువునకు పట్టు దోషములు ఆరనియు అందు లెక్కింపబడినది. కట్టనుండి నీరూరుట, చవిటినేల, నడుమ మెరక, ఇట్టివి మన పల్లె నీరటికాడును చెప్పగలడు. కాని ఆ యారింటిలో ఒకటి నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుటయు దోషమేనట! మట్టి దోషముల నడుమ ఈ రాజకీయ దోషమును చేర్చిన పండితుడెవరో గాని, నేలతోబాటు మనుష్యులను గూడ నెరిగినవాడు.

హైదరాబాదునకు పడమట నున్న గండిపేట చెరువును చూచినప్పుడెల్ల నాకీ మాట జ్ఞప్తికి వచ్చును. అక్కడ రాజ్యములు రెండు గావు, ఏడో ఎనిమిదో.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది జనులను పొట్టబెట్టుకొనిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరమును (1920), ఈసీపై హిమాయత్ సాగరమును (1927) నిర్మించిరి. గండిపేట యనునది మొదటిదానికి జనులు పెట్టుకొన్న పేరు. వరద నాపుటకును, పట్టణమునకు త్రాగునీ రిచ్చుటకును పుట్టిన చెరువిది. విహారము దానికి పిమ్మట తగిలిన పని. ఆదివారము వచ్చినచో పులిహోర గిన్నెలతో, చాపలతో కుటుంబములకు కుటుంబములే తరలివచ్చును. నేనును పాఠశాల పిల్లలను ఏటేట తీసికొనిపోవుచుందును. వంటయింటి పొగనుండి ఒక్కపూట విడివడిన స్త్రీలు నిశ్చింతగా గాలి పీల్చుకొను చోట్లు నగరమున నెన్ని గలవు? కావున విహారము పనిలేనివారి వ్యసనమని త్రోసివేయువారితో నేనేకీభవింపను.

అయితే వారు విడిచిపోయిన యెంగిలి విస్తళ్ళ నెవరు తీయవలెను? నీరును ఆనకట్టయు జలమండలివి. 2022లో తెరచిన యుద్యానవనము నగరాభివృద్ధి సంస్థ నిర్మించినది. భూమి దస్త్రములు రెవిన్యూవారి యధీనము. కలుషమును పరీక్షించుట కాలుష్య నియంత్రణ మండలి పని. వీధులు, చెత్త స్థానిక సంస్థవి. ఆక్రమణలను తొలగించుటకు 2024లో హైడ్రా యని మరియొకటి యేర్పడినది. ఒక్కొక్కరును తమ గిరిలో నిలిచి తమ పని చక్కగనే చేయుచుండవచ్చును. చెత్తకు మాత్రము గిరి తెలియదు. గాలి వీచెనా, ఒకరి తోటలోనిది మరియొకరి నీటిలో పడును.

భూమి సంగతి ఇంతకన్న చిక్కు. చెరువు ఎల్ల యనగా కంచె గాదు, సముద్రమట్టమునకు 1790 అడుగుల యెత్తున గీసిన పూర్ణజలమట్టపు గీత. వేసవిలో నీరు తగ్గినపుడు ఆ గీత లోపలి నేల చేనువలెనే కన్పట్టును. వానలు ముదిరిన పిదప ఆ చేను చెరువగును. ఈ రహస్య మమ్మువానికి దెలియును, కొనువానికి దెలియదు.

1996లో వచ్చిన 111వ ఉత్తర్వు ఈ రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కలుషము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, కాలనీలను నిషేధించినది. పరీవాహక ప్రాంతమున నూటికి 90 వంతుల నేలను, సాగుభూమితో గూడ, వినోద సంరక్షణ భూమిగా వర్గీకరించినది. నా శిష్యురాలి తండ్రి అట్టి గ్రామమున రెండెకరముల రైతు. ఈ మాట విని ఆయన నవ్వెను.

"సారూ, నా మడిల వినోదమేమున్నది? పక్క ఊరోళ్ళు అరెకరం అమ్మి బిడ్డలను డాక్టరు చదివించుకున్నరు. మేము పట్నం నీళ్ళకు కావలి కాస్తున్నం. మరి జీతమెవరిస్తరు?"

దీనికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆంక్ష తగినదే యని నా యభిప్రాయము. 2000లో సర్వోన్నత న్యాయస్థానము ఒక కర్మాగారమునకు ప్రభుత్వమిచ్చిన మినహాయింపును కొట్టివేసి దానిని నిలువబెట్టినది. కాని నగరము త్రాగిన నీటికి పన్ను కట్టుచుండగా, ఆ నీటిని కాచినవానికి అందులో పాలు లేకుండుట యెక్కడి ధర్మము? పూర్వము చెరువు కట్టినవానికి, బాగుచేయువానికి దశబంధ మాన్యము లుండెడివి. నీరటికి పంటలో మేర యుండెడిది. ఆ కాలమంతయు ధర్మమయమని నేననను. తాను కాచిన చెరువులో తన కడవ ముంచుటకు నోచుకొనని మాలపల్లె నీరటికాండ్రెందరో! అయినను, కావలికి కూలి గలదను నెఱుక నాటివారికుండెను.

2022లో 69వ ఉత్తర్వుతో ఆంక్షల నెత్తివేయ నిశ్చయించి, విధివిధానములకై యధికారుల సంఘము నేర్పరచిరి. పట్టణమునకు కృష్ణా గోదావరుల నీరు వచ్చుచుండుటచే ఈ చెరువుల యక్కర తగ్గెననుట వారి వాదము. విషయము న్యాయస్థానముల మెట్లెక్కినది. త్రాగునీటి యక్కర తగ్గినను వరద తగ్గదు గదా! 2025 సెప్టెంబరులో గేట్లెత్తగా మూసీ నీరు మహాత్మాగాంధి బస్సు స్టాండులో జొచ్చినది.

నేను కోరునది మరియొక క్రొత్త శాఖ గాదు. ఉన్న శాఖలవారందరు నెలకొకసారి ఆ కట్టమీదనే కూర్చుండవలెను. నీరు ప్రధానము గనుక జలమండలి యధ్యక్షత వహింపవలెను. పట్టాదారులగు రైతులును, స్త్రీల పేర పట్టా యున్నచో ఆ స్త్రీలే స్వయముగను, ఆ సభలో వోటుతో గూర్చుండవలెను. ఉద్యానవనపు ప్రవేశరుసుములో, నీటిపన్నులో కొంత భాగము ఆ గ్రామముల విద్యకు జేరవలెను. ఇది భిక్ష గాదు, మేర.

ఆ బాలిక ఇంటర్మీడియేట్ ముగించినది. వైద్యవిద్యకు పరీక్ష వ్రాసి యున్నది. తండ్రి ఈ యేడు మడిలో వంగ నారు వేసినాడు.