రేటు రాని స్కూటరు

'అత్త మీద కోపం దుత్త మీద' అన్నమాట మొదట ఎవరన్నారో గానీ, ఆవిడ పెద్ద సైకాలజిస్టు. అత్తగారికి ఎదురు చెప్పలేని కోడలు పాలదుత్తని ఠపీమని గట్టు మీద పెడుతుంది. చప్పుడు అత్తగారికి వినపడనే వినపడుతుంది. అడిగితే 'చెయ్యి జారిందత్తయ్యా' అనొచ్చు. కోపమూ తీరింది, కాపురమూ నిలిచింది.

నేను బీఈడీ చదివే రోజుల్లో 'రక్షక తంత్రాలు' అనే పాఠాన్ని ఇలా సామెతలతోనే బట్టీ పట్టేవాళ్లం. దుత్త మీద కోపం విస్థాపనం. అందని ద్రాక్ష పుల్లన, అది హేతుకరణం. ఆడలేక మద్దెల ఓడు అంటే ప్రక్షేపణం. డీఎస్సీకి తయారయ్యే పిల్లలు ఇప్పటికీ ఇవే వల్లె వేస్తుంటారు. పరీక్షకి అంతే చాలు. కానీ అందులో ఉన్న అసలు సంగతి మాకెవరూ గట్టిగా చెప్పలేదు. ఈ తంత్రం పన్నేవాడికి తాను తంత్రం పన్నుతున్నట్టు చాలామటుకు తెలియదు. తెలిసి చేస్తే దాన్ని అబద్ధం అంటాం. తెలియకుండా జరిగిపోతుంది కాబట్టే మనిషికి అది రక్షణ.

'వాడికి ఈగో ఎక్కువ' అంటుంటాం కదా, పొగరు అన్న అర్థంలో. ఫ్రాయిడ్ చెప్పిన ఈగో అది కాదు. 1923లో ఆయన మనిషి మనసుని మూడు పాళ్లుగా చూపించాడు. జర్మన్‌లో ఆయన వాడినవి చాలా మామూలు మాటలు... 'అది', 'నేను', 'పై నేను'. ఇంగ్లీషు అనువాదంలో అవి లాటిన్ వేషం కట్టి ఇడ్, ఈగో, సూపర్ ఈగో అయ్యాయి. మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి అచిత్తు, అహం, అధ్యహం అయి మరీ భయపెట్టాయి. ఇంటి భాషలో చెప్పుకుందాం. 'ఇప్పుడే కావాలి' అని కింద పడి దొర్లే చంటాడు ఇడ్. 'మన ఇంటా వంటా లేదు' అని పడక్కుర్చీలోంచి గదమాయించే తాతగారు సూపర్ ఈగో. ఇద్దరికీ సర్దిచెబుతూ, నెలాఖరు డబ్బులతో కొట్లో బాకీ సంగతి కూడా చూసుకునే కోడలు ఈగో. మరి ఆవిడ అప్పుడప్పుడూ దుత్త మీద విసుక్కోదూ?

ఈ కోడలి కష్టాన్ని దగ్గర్నుంచి చూసినావిడ ఫ్రాయిడ్ ఆఖరి కూతురు అన్నా. ఆవిడ మొదట్లో బడిపంతులమ్మ. 1936లో తండ్రి ఎనభయ్యో పుట్టినరోజుకి కానుకగా ఈ రక్షక తంత్రాల మీదే పుస్తకం రాసిచ్చింది. ఆ తండ్రికి 1923 నుంచీ దవడ క్యాన్సర్. ముప్పైకి పైగా ఆపరేషన్లు జరిగినా చుట్ట మాత్రం మానలేకపోయాడట. లోకానికంతా మనసు గుట్టు విప్పిన పెద్దమనిషి సంగతే అలా ఉంటే, మనమెంత!

ఆ తర్వాత అమెరికాలో జార్జి వేలంట్ అనే సైకియాట్రిస్టు దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాడు. హార్వర్డ్‌లో 268 మంది విద్యార్థుల జీవితాలను 1938 నుంచీ గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటుంది. దాని ఆధారంగా 1977లో ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆయన లెక్కలో రక్షక తంత్రం లేని మనిషి లేడు. పసితనపు తంత్రాలు కొన్ని, పరిణతి వచ్చినవి కొన్ని. ఉన్నదాన్ని లేదనుకోవడం, తప్పు ఎదుటివాడి నెత్తిన రుద్దడం కింది మెట్లు. బాధని నవ్వులోకి, పనిలోకి, పదిమందికి సాయంలోకి మళ్లించుకోవడం పై మెట్లు. ఇవన్నీ తూచడానికి లొంగని మాటలని కొట్టిపారేసే శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్లతో వాదించే చదువు నాది కాదు. నాకు తెలిసిందల్లా మా ఇల్లు.

2003లో మా తమ్ముడు బస్సు ప్రమాదంలో పోయాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు. సీటొచ్చినప్పుడు, 2001లో, నాన్న వాడి పేరు మీద స్కూటరు కొన్నారు. బైకు కావాలని వాడు, స్కూటరైతే గ్యాసు బండ కూడా తేవచ్చని నాన్న. నాన్నే గెలిచారు. వాడు పోయాక ఆ బండి వరండాలో ఉండిపోయింది.

అమ్మ నెల తిరక్కుండానే ఊరగాయల్లో పడింది. మా వీధి చివర హాస్టల్లో ఉండే పిల్లలకి ఆవకాయ, గోంగూర, ఆదివారమైతే పులిహోర. 'వాళ్లమ్మలు దగ్గర లేరుగా' అనేది. వేలంట్ చూసి ఉంటే పై మెట్టు మీద కూర్చోబెట్టేవాడేమో. నాకైతే ఆ రోజుల్లో భయం వేసేది. రాత్రి పదకొండింటికి కూడా రోటి చప్పుడు వినిపించేది.

నాన్న తీరు వేరు. ఆయన లెక్కల మాస్టారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పదమూడేళ్లపాటు మా ఇంట్లో తమ్ముడి పేరు ఆయన నోట రాలేదు. ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే స్కూటరు తుడిచి, పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొట్టి, రెండు నిమిషాలు నడిపించి ఆపేవారు. ఎందుకు నాన్నా అంటే 'వాడకపోతే ఇంజను పట్టేస్తుంది' అనేవారు. మరి అమ్మేయొచ్చుగా అంటే 'రేటు రావట్లేదు' అనేవారు. తమాషా ఏమిటంటే, ఆయన ఎవర్నీ బేరం అడగలేదు. ఒకాయన తనంతట తానే వచ్చి మంచి ధర చెబితే, 'వచ్చే నెల చూద్దాం లెండి' అని కాఫీ ఇచ్చి పంపించారు. హేతుకరణానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా బీఈడీ పుస్తకంలో లేదు.

పాలవాడి మీద, పేపరు కుర్రాడి మీద మాత్రం అంతెత్తున లేచేవారు. ఆ కోపం వాళ్లది కాదని వాళ్లకీ తెలుసు. తెలిసే పడ్డారు పాపం. వాళ్లకి ఈ ఇల్లు ఎంత రుణపడిందో చెప్పలేను.

మా బంధువొకాయన వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు బాగా చదివేవారు. ఓ పండక్కి వచ్చి, అందరి ముందూ నాన్నతో 'బావగారూ, మీరు డినయల్‌లో ఉన్నారు. ఒక్కసారి ఏడ్చేయండి, తేలికవుతుంది' అన్నారు. నాన్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ తర్వాత రెండేళ్లు వాళ్లింటి శుభలేఖలు కూడా విప్పి చూడలేదు. ఆయన చెప్పిన జబ్బు పేరు తప్పు కాదు. పుండుకి కట్టు కట్టి ఉందని కనిపెట్టినవాడు, అందరి ముందూ ఆ కట్టు పీకి చూపించడం ఏ వైద్యమో నాకు అర్థం కాదు. మరణం అంచున ఉన్నవాళ్లతో మాట్లాడి 1969లో పుస్తకం రాసిన డాక్టర్ ఎలిజబెత్ కూబ్లర్ రాస్ కూడా, నమ్మలేకపోవడం అనేది దెబ్బ ఒక్కసారిగా తగలకుండా అడ్డుపడే మెత్త లాంటిదనే చెప్పింది.

అలాగని అన్నిటినీ వదిలేయమనడం లేదు. ఛాతీలో నొప్పొచ్చి చెమటలు పడుతుంటే 'గ్యాసే' అని సోడా తాగి పడుకునే మగవాళ్లు మనకి ఇంటికొకరు. అక్కడ మెత్తలూ లేవు, మర్యాదలూ లేవు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోవడమే. నిద్ర, తిండి పోయి, చావు మాటలు వస్తున్నా అంతే, డాక్టర్ దగ్గరికే. నాన్న అన్నం తింటున్నారు, నిద్రపోతున్నారు, బీపీ బిళ్ల మానడం లేదు. ఆదివారం పూట రెండు నిమిషాల పెట్రోలు ఖర్చుతో పోయేదానికి అమ్మా నేనూ జోలికి వెళ్లదలుచుకోలేదు.

కదిపింది మేం కాదు, బండి కాగితాలు. 2016కి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లూ నిండింది. బండి రోడ్డెక్కదు కాబట్టి ఎవరూ అడగరు. కానీ నాన్న లోపలి తాతగారు మహా చండశాసనుడు. సర్వీసంతా ఒక్క రిజిస్టరు ఆలస్యంగా మూయని మనిషి. 'కాగితాల్లేని బండి ఇంట్లో ఉండకూడదు' అని ఫైలు పట్టుకుని బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. తీరా అక్కడికెళితే గడువు పొడిగించాలన్నా ముందు బండి వారసుల పేరుకి మారాలట. దానికి ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం కావాలన్నారు.

ఆ పత్రం అప్పట్లో మా బాబాయి తెచ్చి బీరువాలో పెట్టింది. నాన్న దాన్ని చేత్తో ముట్టుకోగా నేను చూడలేదు. మర్నాడు ఆయనే తీసి, కళ్లజోడు తుడుచుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపారు. చనిపోయిన యజమాని పేరు రాయాల్సిన చోట ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా రాశారు. చెయ్యి వణకలేదు. రాశాక కలం మూత పెట్టడానికి మాత్రం కాస్త తడుముకున్నారు.

కౌంటర్లో ఉన్న కుర్రాడు కాగితాలు తిప్పుతూ మామూలుగా అడిగాడు, 'ఈయన మీకేమవుతారు సార్?' అని.

'మా అబ్బాయి' అన్నారు నాన్న. ఆగుతారనుకున్నాను. ఆగలేదు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఇంటర్లో ఎన్ని మార్కులు, బైకు కావాలని ఎన్ని రోజులు అలిగాడు... అన్నీ చెప్పారు. ఇంట్లో మాకెవ్వరికీ చెప్పలేని మాటలు ముక్కూ మొహం తెలియని పిల్లాడికి చెబుతున్నారు. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటున్నారు. ఆ కుర్రాడు స్టాంపు చేత్తో పట్టుకునే విన్నాడు. మధ్యలో వెయ్యలేదు. ఆ పిల్లాడే బీఈడీ గైడూ చదివి ఉండడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి నేనే చెప్పాను, నాన్న వాడి మార్కులు కూడా చెప్పారని. అమ్మ పెరుగు వడ్డిస్తూ ఆగింది. 'ఎంతని చెప్పారు?'

'తొమ్మిది వందల పన్నెండు' అన్నారు నాన్న, కంచంలోకి చూస్తూ.

'పన్నెండేంటి? ఇరవై ఒకటి.'

'లెక్కలు చెప్పినవాణ్ని, నాకు తెలీదా?'

'కన్నదాన్ని, నాకు తెలీదా?'

పదమూడేళ్ల తర్వాత వాళ్లిద్దరూ వాడి గురించి మాట్లాడుకున్న మొదటి మాటలివి. గొంతులు లేచాయి. చివరికి అమ్మ ఎంగిలి చేత్తోనే బీరువా తాళాలు నాకందించింది. మెమో తీసి చూస్తే తొమ్మిది వందల పదహారు. ఇద్దరూ తప్పే. నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుని, కెమిస్ట్రీలో తగ్గాయి అన్నారు. అమ్మ, ఆ రోజు వాడికి జ్వరమండీ అంది. ఇంక ఆ రాత్రి ఎవరూ టీవీ పెట్టలేదు.

ఇప్పుడు నాన్నకి ఎనభై రెండు. కిక్కు కొట్టే ఓపిక లేదు, ఎదురింటి అబ్బాయి వచ్చి కొట్టిపెడతాడు. తుడవడం మాత్రం ఆయనే. ఎవరైనా అమ్ముతారా అని అడిగితే రేటు సంగతి ఎత్తరు. 'లేదండీ, అది మా వాడిది' అంటారు.