శ్రీరాంపూర్: ప్రసంగీకుల చదువుకు పుట్టిల్లు

టీవీలో వాక్యం చెప్పే ప్రసంగీకుల జీవితకథలు తెలుగు ఇళ్లలో ఎక్కువగా సాక్ష్యం రూపంలో, అంటే దేవుడు తన బతుకులో తెచ్చిన మార్పును విశ్వాసి పదిమంది ఎదుట చెప్పుకునే పద్ధతిలో వినబడతాయి. వాటిలో చిన్ననాటి పేదరికం, జబ్బు, మారుమనసు వివరంగా ఉంటాయి గాని, ఆ ప్రసంగీకుడు ఎక్కడ ఏం చదివాడన్నది ఒక్క మాటతో దాటిపోతుంది. ఆ ఒక్క మాట ‘సెరాంపూర్ బి.డి.’ అనే పట్టా పేరు అయినప్పుడు, దాని వెనక ఉన్న చరిత్రను చూడడానికి కోల్‌కతా దాకా వెళ్లవలసి ఉంటుంది.

హౌరాలో బండేల్ వైపు లోకల్ రైలెక్కినవారు సుమారు అరగంటలో శ్రీరాంపూర్‌లో, అంటే ఇంగ్లీషువారి ‘సెరాంపూర్’లో, దిగుతారు. హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1755 నుంచి 1845 వరకు డెన్మార్క్ వారి స్థావరం కావడం వల్లనే, ఈస్టిండియా కంపెనీ తన నేల మీద పనిచేయనివ్వని మిషనరీలకు 1800లో ఇక్కడ చోటు దొరికింది. నదికి ఎదురుగా, ఎత్తయిన స్తంభాల వరుసతో నిలిచిన, ఆ మిషనరీలు స్థాపించిన కళాశాల భవనాన్ని చూసినవారికి దాని ముగ్గురు వ్యవస్థాపకుల పుట్టుపూర్వోత్తరాలు నమ్మశక్యంగా అనిపించవు: విలియం కేరీ చెప్పులు కుట్టినవాడు, జాషువా మార్ష్‌మన్ నేతపని నుంచి బడిపంతులైనవాడు, విలియం వార్డ్ అచ్చుపని నేర్చినవాడు.

వారిలో కేరీ బాల్యం వివరంగా చెప్పుకోదగినది. 1761లో ఇంగ్లండ్‌లోని పాలర్స్‌పరీ గ్రామంలో నేతగాని ఇంట పుట్టిన అతడు, తండ్రి ఊరి బడికి పంతులు కావడంతో నాలుగక్షరాలు నేర్చుకుని, పన్నెండేళ్ల ప్రాయంలో దొరికిన లాటిన్ పదాల పుస్తకాన్ని దాదాపు అంతా కంఠస్థం చేశాడు. ఎండ తగిలితే చర్మం పాడయ్యే జబ్బు వల్ల పొలం పనికి పనికిరాక, పద్నాలుగో ఏట చెప్పులు కుట్టే యజమాని దగ్గర పనికి కుదిరాడు. ఆ దుకాణంలోని ఒక బైబిలు వ్యాఖ్యానంలో గ్రీకు అక్షరాలు కనబడితే, వాటిని కాగితం మీదకి దించుకుని, పెద్ద చదువు చదివి చితికిపోయి ఊళ్లో మగ్గం నేస్తున్న టామ్ జోన్స్ దగ్గరకు పట్టుకెళ్లి అర్థం చెప్పించుకునేవాడు. తరువాత తాను బడి నడిపినప్పుడు పిల్లలకు భూగోళం చెప్పడానికి తోలుముక్కలతో గోళం కుట్టాడు. ఎండకు తాళలేని ఆ మనిషి 1793లో కలకత్తాలో దిగి, 1834లో కన్నుమూసేదాకా బెంగాల్ ఎండలోనే ఉండిపోయాడు. చదువు మీద ఆకలి ఉన్నవాడికి గురువు మగ్గం దగ్గరైనా దొరుకుతాడనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం కనిపించదు.

తెలుగువారికి ఈ ఊరితో ఉన్న బంధం ప్రధానంగా అచ్చుది. విశాఖపట్నం మిషనరీల తెలుగు సువార్తలు 1812లో ఇక్కడ అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చి 11న ముద్రణాలయం కాలిపోయి, తెలుగు అచ్చక్షరాలు, తెలుగు వ్యాకరణం రాతప్రతి మంటల పాలయ్యాయి. అయితే అచ్చక్షరానికి మూలం పంచ్ అనే ఉక్కు ముద్ర. దాని కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, గట్టిపరచి, రాగిముక్క మీద కొడితే పడే గుంటలో కరిగించిన సీసపు మిశ్రమం పోసి అక్షరాలు తీస్తారు. మంటల్లో సీసం కరిగి ముద్దయినా ఉక్కు ముద్రలు దక్కాయి కాబట్టి, ఆ సీసంతోనే కొన్ని నెలల్లో అక్షరాలను మళ్లీ పోతపోయగలిగారు. గుణింతాలు, వాటి కింద వత్తులు కలిసిన తెలుగు లిపికి ఎన్ని ముద్రలు కావాలో తలచుకుంటే, ఇక్కడ ముద్రలు చెక్కిన పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ నిలబెట్టిన బెంగాలీ కమ్మరుల విద్యకు తెలుగువారు ఎంత రుణపడ్డారో తెలుస్తుంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడ్డాయి.

ఆ 1818లోనే కళాశాల మొదలైంది. మతభేదం లేకుండా విద్యార్థులను చేర్చుకుని, క్రైస్తవ యువకులకు సైతం సంస్కృతం, తూర్పుదేశ సాహిత్యం, వాటితోపాటు ఐరోపా విజ్ఞానం నేర్పాలన్న సంకల్పం వ్యవస్థాపకుల ఆలోచనల్లో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన అధికారపత్రంతో పట్టాలిచ్చే హక్కు వచ్చినా, మొదటి బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే దైవశాస్త్ర పట్టా, 1915లో గాని వెలువడలేదు. 1918 నాటి చట్టంతో ఏర్పడిన ఈ కళాశాల సెనేట్ ఇప్పుడు దేశంలోని అనేక వేదాంత కళాశాలలకు పట్టాలిస్తుంది. 1964లో రాజమండ్రిలో ప్రారంభమై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వాటిలో ఒకటి. అందువల్ల హుగ్లీ ఒడ్డున అడుగుపెట్టకుండానే తెలుగు పాస్టర్లు సెరాంపూర్ పట్టభద్రులవుతున్నారు.

పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘచరిత్ర, ఇతర మతాల పరిచయం ఈ చదువులో భాగాలు. టీవీ తెరకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ప్రసంగ శాస్త్రం, అంటే లేఖన భాగాన్ని ఎంచుకుని, దాని అర్థం విప్పి, వినేవారికి అందేలా అమర్చే విద్య. ఆ తరగతిలో విద్యార్థి మైకు, కెమెరా లేకుండా తోటివారి ఎదుట నిలబడి ప్రసంగించాలి. అది ముగిశాక తోటి విద్యార్థులు, గురువుగారు ఒక్కొక్కరే తప్పులు చెబుతుంటే, ప్రసంగీకుడు కాగితం, కలం పట్టుకుని వాటిని రాసుకుంటాడు.