వాదర చెప్పే తీర్పు

ఏప్రిల్ 14, 2024. ఆర్మూరు

నేను చేసిన కత్తిని ఇవాళ పనిచేసే వర్క్‌షాపుకు పట్టుకెళ్లాను. అందరూ చేతిలోకి తీసుకున్నారు, తిప్పి చూశారు, "సూపరున్నది" అన్నారు. ఒకతను ఫోటో కూడా తీసుకున్నాడు. దానితో కాగితం ముక్కయినా ఎవరూ కోసి చూడలేదు. వాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ మాటతో నేను చేయగలిగింది ఏముంది? ఇంకో కత్తి మొదలుపెడితే దీనిలో ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నది ఆ మాటలో లేదు.

లేత్ పనిలో ఈ బాధ ఉండదు. షాఫ్టు వెంట్రుకవాసి లావైనా మైక్రోమీటరు చెప్పేస్తుంది, మొహమాటపడదు. కత్తికి అలాంటి గేజీ లేదు. ఏళ్ల తరబడి కోసిన చెయ్యే దానికి గేజీ. అలాంటి చేతులున్న మనుషులను వెతుక్కోవాలి.

గుర్తుకోసం: ఉక్కు పాత లారీ కమాన్ పట్టీ. అలుగు ఏడు అంగుళాలు. వెన్ను మందం ఐదు మిల్లీమీటర్లు. పిడి టేకు, గుండ్రంగా, మూడు ఇత్తడి రివెట్లు. పాలిష్‌కే ఎక్కువ సమయం పట్టింది.

ఏప్రిల్ 21

పొద్దున్నే కమ్మరి తాత కొలిమికి వెళ్లాను. చుట్టుపక్కల ఊళ్లలో గొడ్డలికి గానీ కొడవలికి గానీ ఆయన చెయ్యి పడితే చాలంటారు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. తోలు తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ దాగలి మాత్రం వాళ్ల నాయన నాటిదే. వానాకాలం పనులకు ముందే గొర్రులూ పారలూ వచ్చి పడతాయి కాబట్టి ఇప్పుడే కాస్త తీరిక.

"ఎవలు చేసిండ్రు బిడ్డా?" అన్నాడు.

"ముందుగాల చూసి చెప్పు తాతా, తర్వాత చెప్త" అన్నాను. చేసినవాడు ఎదురుగా ఉన్నాడని తెలిస్తే పెద్దమనిషి నోరు కట్టేసుకుంటాడని నా భయం.

పాలిష్ వంక ఆయన కన్నెత్తి చూడలేదు. అలుగును కంటి ముందుకు తెచ్చుకుని వెన్ను పొడుగునా చూపు సాగించాడు. వంకర లేదన్నాడు. వెన్నును దాగలి అంచుకు తాకించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత బొటనవేలి గోరు మీద వాదరను మెల్లగా వాల్చి నొక్కుతూ పిడి నుంచి మొన దాకా జరిపాడు. సన్నని వాదరైతే గోరు మీద కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది. నాది ఎక్కడా వంగలేదు. గట్టిదనం వల్లేమో అనుకుని లోపల సంతోషపడ్డాను. ఆయన లోపలికి కేకేసి ఒక ఆలుగడ్డ తెప్పించాడు. నడుమ కత్తి పెట్టి నొక్కితే, వాదర సగం దిగకముందే గడ్డ ఫట్టుమని రెండు చెక్కలైంది.

"సూసినవా? గిది కోస్తలేదు, చీలుస్తున్నది. వాదర మంచిగనే ఉన్నది, దాని ఎనుక మందమున్నది."

ఇన్నాళ్లూ నేను పదును అంటే వాదర అంచు ఒక్కటే అనుకున్నాను. సానరాయి మీద ఎంతసేపు రుద్దినా అంచు వెనకాల మందం తగ్గకపోతే కత్తి కూరగాయలో ఇరుక్కుంటుంది. ఆయన చెప్పిందాని సారం అదే. ఇంటికొచ్చి కొలిస్తే వాదరకు కాస్త పైన ఒక మిల్లీమీటరుకు మించి ఉంది. వంటింటి కత్తికి అందులో సగం కూడా ఉండకూడదు.

తర్వాత పిడి పట్టుకున్నాడు. "కండ్లు మూసుకొని పట్టినా వాదర ఎటున్నదో చెయ్యికి తెల్వాలె. గుండ్రటి పిడి చేతిల తిరుగుతది." తన కొడవలి పిడి ఇచ్చి పట్టుకోమన్నాడు. కోడిగుడ్డు ఆకారంలో, కాస్త అణిచినట్టుంది. చెయ్యి దానంతట అదే సరిగ్గా కూర్చుంది.

"ఏం కోసెటందుకు చేసినవ్?" అని అడిగాడు. చేసింది నేనేనని ఎప్పుడు కనిపెట్టాడో! అన్నిటికీ పనికొస్తుందని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కల్లు గీసే కత్తి వేరే, వరి కోసే కొడవలి వేరే, మటన్ కొట్టేది వేరే. ముందుగాల పని చెప్పు, అటెనుక ఇనుము కాల్చు."

కత్తితోపాటే కాల్చి నూనెలో ముంచిన చిన్న ముక్క ఒకటి నా జేబులో ఉంది. దాన్ని వైసులో బిగించి సుత్తితో కొట్టించాడు. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తూ ముతక రేణువులు కనిపించాయి. "కాక ఎక్కువైంది" అన్నాడు. అంతే. ఉక్కును అవసరానికి మించి వేడి చేస్తే లోపలి రేణువులు పెద్దవవుతాయి. అప్పుడది గట్టిగా ఉన్నట్టే ఉండి దెబ్బకు పుటుక్కుమంటుంది. సరైన వేడిలో ముంచిన ఉక్కు విరిగితే లోపల బూడిదరంగులో, మెరుపు లేకుండా, సన్నగా ఉంటుంది. తన పాత గొడ్డలి ముక్కను తీసి చూపించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

డబ్బులిస్తానంటే తీసుకోలేదు. తన పొద్దంతా నాకు ఇచ్చాడు. ఆ ఇచ్చిన దానికి విలువ కట్టడం నా వల్ల కాదు.

ఏప్రిల్ 24

రాత్రి చదువుకున్నది: అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976లో మొదలైంది. బిల్ మోరాన్ దాని స్థాపకుల్లో ముఖ్యుడు. వాళ్ల దగ్గర జర్నీమన్ అనే హోదా పొందాలంటే ముందు ఒక కత్తి చేసి పరీక్షకు తేవాలి. వేలాడదీసిన అంగుళం లావు తాడును ఒక్క వేటుతో తెంపాలి. రెండుకు నాలుగు అంగుళాల కొయ్యను రెండుసార్లు నరకాలి. అప్పటికీ అదే వాదర చేతి మీది వెంట్రుకలు గీయాలి. చివర వైసులో బిగించి తొంభై డిగ్రీలు వంచితే విరగకూడదు. ఈ గండం గడిచాకే ఐదు కత్తులు పెద్దల ముందు పెట్టి అందం, ముగింపు చూపించడం.

వరుస గమనించాలి: ముందు పని, తర్వాత అందం. ఆ పరీక్ష కత్తి ఇక దేనికీ పనికిరాదు. తీర్పు కోసమే దాన్ని చేస్తారు. నాకిది ఎంతో నచ్చింది. మనం తీర్పు కోరి తీసుకెళ్లే వస్తువును వదులుకోవడానికి సిద్ధపడి వెళ్లాలి. అద్దాల పెట్టెలో పెట్టుకునే వస్తువు చూపించి నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు?

మే 5

మళ్లీ కాల్చాను. ఈసారి ఒకటే పని అనుకున్నాను: మాంసం, చేపలు కోసే కత్తి. ఆరు అంగుళాల అలుగు, వెన్ను మూడు మిల్లీమీటర్లు, మొనవైపు ఇంకా పలచన.

సుత్తి పని అయ్యాక ఉక్కును ఎర్రగా కాల్చి గాలికి వదిలేశాను. అలా మూడుమార్లు, ప్రతిసారీ కిందటిదానికంటే కాస్త తక్కువ కాకతో. రేణువు సన్నబడేది ఇక్కడే. తర్వాత అయస్కాంతం. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కమాన్ ఉక్కుకు అంతటితో సరిపోదు, ఇంకో యాభై, అరవై డిగ్రీలు ఎక్కాలి. ఎండలో ఆ రంగు తేడా కనపడదు, అందుకే తాత కొలిమికి రేకు తలుపులు. నేనూ సాయంత్రం చీకటి పడ్డాకే చేశాను. కాస్త వెచ్చబెట్టిన పల్లీ నూనెలో ముంచి, ఆకురాయితో గీస్తే జారిపోయింది. వాదర గట్టిపడినట్టే.

అలా వదిలేస్తే పెళుసు. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్లీ రెండు గంటలు. తుడిచిన లోహం మీద లేత గడ్డి రంగు వచ్చింది. తోడుగా కాల్చిన ముక్కను విరిస్తే బూడిదరంగు, మెరుపు లేదు. దాన్ని కాగితంలో చుట్టి దాచాను. తాతకు చూపించాలి.

ఇత్తడి కడ్డీ మీద వాదరను వాల్చి నొక్కితే వంగి తిరిగి నిలబడింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. రెండూ కాలేదు.

మే 19

కోనసముద్రం వెళ్లొచ్చాను. మన జిల్లాలోనే ఉండి ఇన్నేళ్లు చూడలేదు. ఉక్కు కరిగించిన మూసల పెంకులు, చిట్టెం రాళ్లు ఆ నేలలో ఇంకా దొరుకుతాయి. ఇనుమును మట్టిమూసలో పెట్టి మూతవేసి, గంటల తరబడి కాల్చి తీసిన ఉక్కు ఇక్కడిది. బొగ్గుపాలు ఒకటిన్నర శాతం దాకా ఉండే ఆ ముద్దలు పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యాయి. పర్షియా కత్తులకు ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలోనే రాశాడు.

ల్యాంబ్టన్ నడిపిన దేశపు భూకొలత సర్వేలో భూగర్భ శాస్త్రవేత్తగా తిరిగిన హెన్రీ వాయ్‌సీ కూడా కోనసముద్రం చూశాడు. ఆయన వర్ణన ఆయన పోయాక, 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు ఇక్కడే ఉండి ఉక్కు కొంటున్నాడని అందులో ఉంది. ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కొనేవాడు మూస పక్కనే నిలబడ్డాడు! ముద్ద బాగా లేకపోతే అక్కడే, ఆ మనిషి ముఖం మీదే చెప్పి ఉంటాడు. ఈ ఊరి పేరు అంత దూరం వెళ్లడంలో ఉక్కు చేసినవాళ్ల నేర్పుతోపాటు వంకపెట్టిన ఆ కళ్లకూ వాటా ఉందని నా నమ్మకం.

ఈ ఉక్కుతో చేసిన కత్తుల మీద కనిపించే నీటిచారల రహస్యం తేల్చడానికి మన కాలంలోనూ ఇద్దరు కావలసి వచ్చింది: వెర్హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, పెండ్రే అనే కత్తులు చేసే కమ్మరి. వెనేడియం లాంటి మూలకాలు లేశమాత్రంగా ఉండటమే చారలకు కారణమని 1998లో కలిసి రాశారు. చేసే చెయ్యి, పరీక్షించే కన్ను. ఒకరి మాట ఒకరు వినకపోతే అది తేలేదా?

జూన్ 8. మృగశిర కార్తె

ఇవాళ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు లేదు. రోజూ మాకు చేపలు కోసిచ్చే అక్కకు రాత్రే కత్తి ఇచ్చి వచ్చాను. "ఎట్లుందో చెప్పు" అని అడగలేదు. "చెయ్యి ఎక్కడ నొస్తదో, ఎక్కడ జారుతదో చెప్పక్కా" అని అడిగాను. ఎట్లుంది అంటే మంచిగుంది అంటారు, అది మర్యాద. ఎక్కడ నొస్తుందని అడిగితే మనిషి తన చేతి వైపు చూసుకుని జవాబిస్తాడు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆమె చెప్పిన మాటలు, ఉన్నదున్నట్టు:

"తమ్మీ, పొట్ట కోసేటప్పుడు మంచిగున్నది, నా కత్తికంటె సులువుగ పోయింది. తలకాయ కొట్టనీకి పనికిరాదు, అల్కగున్నది, బొచ్చె తలకు ఆగది. సబ్బు పెట్టినట్టు పిడి జారుతున్నది. వార్నిష్ ఎందుకేసినవ్? ఇగో, గీ మడమ కాడ మూల వేలుకు కుచ్చుకుంటున్నది."

వేలు చూపించింది. చూపుడు వేలి పక్కన ఎర్రగా కమిలింది. నా బల్ల మీద ఆ మూల చక్కగా, పదునైన గీతలా కనిపించేసరికి దాన్ని కాపాడుకుంటూ ఆకురాయి పట్టాను. ఆమె చేతికి అది గాయం. సాయంత్రమే ఆ మూలను గుండ్రం చేశాను, వార్నిష్ గీకేసి అవిసె నూనె పట్టించాను. తల కొట్టడానికి వేరే కత్తి ఉండాలి. దీని బరువు పెంచను.

జూన్ 13

బక్రీద్ ఇంకో నాలుగు రోజులే. మటన్ కొట్టు భాయ్ దగ్గర ఈ వారమంతా సానరాయి ఆగడం లేదు. కత్తిని పండగకు వాడి చూడమని ఇచ్చాను. ఆయన దాన్ని తన ఇనుప కడ్డీ మీద రెండుసార్లు దువ్వి, తోలు అంచు మీద పెట్టి చూసి, "పండగైనంక మాట్లాడుదాం" అన్నాడు. ఆ జవాబు నాకు ధైర్యం ఇచ్చింది. చేతిలోకి తీసుకోగానే తీర్పు చెప్పేవాళ్ల కంటే వాడాక చెబుతానన్న మనిషి నయం.

పక్క కొట్టు కుర్రాడు కత్తి చూసి ధర అడిగాడు. ఇంకా అమ్మడానికి లేదన్నాను.

జూన్ 20

భాయ్ కత్తి తిరిగి ఇచ్చాడు. కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి ఉంచాడు. వస్తువును గౌరవించే మనిషి.

"పిడిని ముట్టకు, గిట్లనే ఉండనీ. తోలు తీయనీకి మంచిగ పోయింది. పొద్దంతా చేసిన, చెయ్యి గుంజలే. నడుమ పదును నిలిచింది. మొన చూడు."

మొన దగ్గర అంగుళం మేర వాదర ఒక పక్కకు వాలింది. పెచ్చు ఊడలేదు, వంగి అలాగే ఉండిపోయింది. మెత్తబడిన ఉక్కు చేసే పని అది. మొన పలచన కాబట్టి గ్రైండరు మీద అన్నిటికంటే ముందు అదే వేడెక్కుతుంది. వేలితో పట్టుకోలేనంత వేడి ఎక్కి నీలం రంగు తేలితే, ఓవెన్‌లో రెండు విడతలు పెట్టిన కష్టం ఆ అంగుళంలో పోయినట్టే. ఇత్తడి కడ్డీ మీద పరీక్షించింది గ్రైండరు ముగింపు కంటే ముందు, అదీ నడుమ భాగాన్ని. పరీక్ష చివర్లో, మొన మీద కూడా జరగాలి.

మొన భాగాన్ని అంగుళం మేర కోసేసి, అలుగును కురచ చేసి, ఈసారి గ్రైండరు లేకుండా ఆకురాయితో, తర్వాత నీళ్లు చల్లుకుంటూ సానరాయి మీద చేత్తోనే దించుతాను.

ధర మాట ఎత్తితే భాయ్ నిక్కచ్చిగా చెప్పాడు: మొన సరిచేసి తెస్తే నాలుగు వందలిస్తాడు, ఇలాగే ఇస్తే రూపాయి కూడా ఇవ్వడు. న్యాయమైన మాట.